నీడకు నిలకడ నేర్పిన మహనీయుడు – సర్ జాన్ హెర్షెల్

మా ఇంట్లో ఒక పాత ఛాయాచిత్రం ఉన్నది. అది మా తండ్రిగారి వివాహ సందర్భంలో తీసినది. కుర్చీల వరుస నడుమ షేర్వానీ ధరించి కూర్చున్న పెద్దమనిషి మా దాదాగారు. మేము పుట్టక పూర్వమే వారు కన్నుమూశారు. వారి ముఖాన్ని తెలుసుకొనడానికి మాకున్న ఆధారం ఆ ఒక్క చిత్రమే. అయితే చిత్రం కుడి అంచున మొదలైన పసుపు వన్నె మరక ఏటేటా పాకుతూ వచ్చి, వారి ముఖాన్ని సగానికి పైగా మింగివేసింది. చుట్టూ నిలిచినవారి షేర్వానీ గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. చూడదలచిన ముఖం మాత్రం కనబడదు.

చిన్నతనంలో ఆ మరకకు కారణం గోడ చెమ్మ అని మేము భావించేవారము. తరువాత మా ఊరి బజారులో స్టూడియో నడిపే చాచా ఆ పటాన్ని వెలుతురులో తిప్పి చూసి, ఇది చెమ్మ కాదు, హైపో చేసిన పని అని తేల్చివేశారు. ఎండాకాలపు పెళ్ళి, నీటి కరువు, పటాలకోసం చుట్టాల తొందర. ఎవరో ఫొటోగ్రాఫరు పాత హైపోలో ముంచి, చాలీచాలని నీటిలో కడిగి ఇచ్చి ఉంటాడు. ఆనాటి తొందర మూడు నాలుగు దశాబ్దాల తరువాత మా కళ్ళముందు పండింది.

తెలుగు బోధించే మాకు ఈ రసాయనాలతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. ఆ మరకే మమ్మల్ని హైపో చరిత్ర దగ్గరకు నడిపించింది. ఆ చరిత్ర ఒక మహనీయుని జీవితం దగ్గరకు చేర్చింది. వెలుతురు గీసిన బొమ్మను చెరిగిపోకుండా నిలిపే ఉపాయాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చి, పక్కకు తప్పుకొన్న ఆ వ్యక్తి సర్ జాన్ ఫ్రెడరిక్ విలియం హెర్షెల్. ఖగోళశాస్త్రంలో ఆయన పేరు సుప్రసిద్ధం. ఫొటోలు తీసేవారిలో మాత్రం ఆ పేరు ఎరిగినవారు తక్కువ.

జాన్ హెర్షెల్ 1792 మార్చి 7వ తేదీన ఇంగ్లండులోని స్లౌ గ్రామంలో జన్మించాడు. తండ్రి విలియం హెర్షెల్ జర్మనీలోని హానోవర్ నుంచి వలస వచ్చిన సంగీత విద్వాంసుడు. సంగీతంతో బ్రతుకుతూ, రాత్రివేళ నక్షత్రాలను పరిశీలిస్తూ, 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొని జగద్విఖ్యాతుడైనాడు. మేనత్త కరోలిన్ తోకచుక్కలను కనుగొన్న విదుషి. ఇంటి ఆవరణలో నలభై అడుగుల పొడవున్న దూరదర్శిని కొయ్యల పందిరిపై ఆకాశంవైపు చూస్తూ నిలిచి ఉండేది. 1789లో పూర్తి అయిన ఆ యంత్రం ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. ఆ నీడలోనే బాలుడు ఆడుకొన్నాడు. అతని జీవితంలో ఆ దూరదర్శిని మరొకసారి, మరొక రూపంలో దర్శనమిస్తుంది. దానిని పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము.

కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, 1813లో గణితశాస్త్ర పరీక్షలో అందరిలోకీ ప్రథముడుగా నిలిచాడు. చదువుకొనే రోజుల్లోనే చార్లెస్ బాబేజ్, జార్జ్ పీకాక్ అనే మిత్రులతో కలిసి గణిత బోధనలోని పాత పద్ధతులను మార్చడానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. పిదప న్యాయవాది కావలెనని లండను చేరాడు. మనసు నిలువలేదు. మళ్ళీ కేంబ్రిడ్జి చేరి కొంతకాలం గడిపాడు. 1816లో వృద్ధుడైన తండ్రికి చేయూతగా స్లౌకు తిరిగి వచ్చాడు. రాత్రులు నక్షత్రాలకు అంకితమైనవి. పగళ్ళు రసాయనశాస్త్రానికి చిక్కినవి.

ఆ పగళ్ళలోనే మన కథకు బీజం పడింది. గంధకంతో కూడిన ఒక జాతి లవణాలను హెర్షెల్ పరిశీలించి, 1819లో ఆ ఫలితాలను ఎడింబరో నుంచి వెలువడే శాస్త్ర పత్రికలో ప్రకటించాడు. నీటిలో గాని, నైట్రిక్ ఆమ్లంలో గాని కరగని సిల్వర్ క్లోరైడ్ ఈ లవణపు ద్రావణంలో తేలికగా కరిగిపోవడం అతడు గమనించాడు. ఏర్పడిన వెండి ద్రావణం చాలా తియ్యగా ఉంటుందని కూడా వ్రాశాడు. కనుగొన్న ప్రతి పదార్థాన్ని నాలుకపై వేసి చూడడం ఆనాటి శాస్త్రజ్ఞుల అలవాటు. నేటి ప్రయోగశాలలో ఆ అలవాటు ప్రాణాంతకమని మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ లవణానికి ఆనాడు హైపోసల్ఫైట్ ఆఫ్ సోడా అని పేరు. దాని నిర్మాణం సరిగా తెలిసిన తరువాత శాస్త్రజ్ఞులు సోడియం థయోసల్ఫేట్ అని పిలిచారు. కాని పాత పేరులోని మొదటి రెండక్షరాలు చీకటి గదిలో స్థిరపడిపోయినవి. హైపో అంటే అదే. 1819లో దానికి ఉపయోగమేమిటని ఎవరైనా అడిగి ఉంటే హెర్షెల్ చెప్పగలిగేవాడు కాడు. అప్పటికి ఫొటోగ్రఫీయే పుట్టలేదు. జవాబు ముందు దొరికింది, ప్రశ్న ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ జవాబు అంతకాలం పత్రిక పుటలలోను, ఒక మనిషి జ్ఞాపకంలోను చెడిపోకుండా నిలిచి ఉన్నది.

1822లో తండ్రి మరణించాడు. 1829లో మార్గరెట్ బ్రాడీ స్టీవార్ట్‌ను హెర్షెల్ వివాహమాడాడు. వారికి పన్నెండుమంది సంతానం. ఉత్తరాకాశాన్ని తండ్రి గాలించాడు గనుక, దక్షిణాకాశాన్ని తాను గాలించవలెనని సంకల్పించి, 1833 నవంబరులో భార్యాపిల్లలతో ఓడ ఎక్కి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ టౌన్ చేరాడు. అక్కడ నాలుగేళ్ళకు పైగా నక్షత్ర సముదాయాలను లెక్కించాడు. కామెరా లూసిడా అనే పట్టకం సాయంతో కొండలను, పువ్వులను స్వహస్తాలతో గీశాడు. కాగితంపై ప్రతిబింబాన్ని చూస్తూ పెన్సిలుతో వెంబడించే ఆ పనిలో అతనిది అందెవేసిన చెయ్యి. 1838లో స్వదేశం చేరిన అతనికి ప్రభుత్వం బారొనెట్ బిరుదమిచ్చి సత్కరించింది.

ఇక్కడ కొంచెం వెనుకకు వెళ్ళి, అప్పటికి ఛాయాచిత్ర సమస్య ఎక్కడ ఆగిపోయి ఉన్నదో చెప్పవలసి ఉన్నది. చీకటి గదిలోకి సన్నని రంధ్రంగుండా వెలుతురు ప్రవేశిస్తే బయటి దృశ్యం తలక్రిందులుగా పడుతుందన్న సంగతి ప్రాచీనులకు తెలుసు. పదకొండవ శతాబ్దంలో అరబ్బీ శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ దానిని ప్రయోగపూర్వకంగా పరిశీలించాడు. వెలుతురు తగిలితే వెండి లవణాలు నల్లబడతాయన్నది పద్దెనిమిదవ శతాబ్దంలో తేలింది. ఈ రెంటినీ కలిపితే బొమ్మ పుట్టవలసిందే. 1802లో టామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ అనేవారు వెండి లవణం పూసిన కాగితంపై, తోలుపై ఆకుల నీడలను పట్టుకొన్నారు కూడా. కాని ఆ బొమ్మలను పగటి వెలుతురులో చూడడానికి వీలులేదు. నీడపడి తెల్లగా మిగిలిన చోట ఇంకా వెండి లవణం ఉన్నది గదా! వెలుతురు సోకితే అదీ నల్లబడి, బొమ్మ అంతా ఒకే నలుపైపోతుంది. అందుచేత వాటిని చీకటిలో దాచి, కొవ్వొత్తి వెలుతురులో దొంగచాటుగా చూచుకొనేవారు. పుట్టిన బిడ్డకు వెలుతురే శత్రువైనది.

బొమ్మను పుట్టించడం ఒక విద్య, నిలబెట్టడం వేరొక విద్య. ఫ్రాన్సులో నియెప్స్, డాగేర్, ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఎవరి దారిన వారు ఈ రెండవ విద్యకోసం వెతుకుతున్నారు. టాల్బట్ గాఢమైన ఉప్పునీటితోను, పొటాషియం అయొడైడ్‌తోను కాగితపు వేగాన్ని అణచడానికి ప్రయత్నించాడు. డాగేర్ కూడా తొలుత ఉప్పునీటినే ఆశ్రయించాడు. ఇవి వెలుతురు చర్యను మందగింపజేయగలవే కాని, మిగిలిన వెండి లవణాన్ని పూర్తిగా తొలగించలేవు.

1839 జనవరి 7వ తేదీన డాగేర్ విజయాన్ని పారిస్‌లోని శాస్త్ర పరిషత్తులో ప్రకటించారు. పద్ధతి ఏమిటో మాత్రం చెప్పలేదు. ఆ వార్త హెర్షెల్ చెవిని జనవరి మూడవ వారం దాటిన తరువాత పడింది. రహస్యం చెప్పేవరకు వేచి ఉండడం అతని స్వభావం కాదు. సమస్యను మూడుగా విభజించుకొన్నాడు: వెలుతురుకు త్వరగా లొంగే కాగితం కావాలి, మంచి కెమెరా కావాలి, పని పూర్తికాగానే వెలుతురు చర్యను ఆపే సాధనం కావాలి. మూడవ దాని దగ్గర అతనికి ఇరవై ఏళ్ళనాటి లవణం జ్ఞాపకం వచ్చింది. వెండి లవణాన్ని అణచనక్కరలేదు, కరిగించి కడిగివేస్తే చాలు! ఆ నెల గడవకముందే, కాగితంపై పడిన బొమ్మను హైపోలో ముంచి, నీటిలో కడిగి, పగటి వెలుతురులో నిర్భయంగా పట్టుకొని చూశాడు. బొమ్మ చెక్కుచెదరలేదు. అనేకులు ఏళ్ళ తరబడి వెతికిన దానిని అతడు కొద్దిరోజుల్లో సాధించాడనిపిస్తుంది. నిజానికి ఆ కొద్దిరోజుల వెనుక ఇరవై ఏళ్ళు ఉన్నవి.

ఇక్కడే అతని మహత్త్వం తేటపడుతుంది. ఫిబ్రవరి 1వ తేదీన టాల్బట్ స్లౌకు వచ్చాడు. తన పద్ధతికి డాగేర్ వలన ప్రాధాన్యం దక్కకుండా పోతుందేమోనని కలతపడుతున్న మనిషి అతడు. హెర్షెల్ తాను కనుగొన్నది దాచుకొనక అతనికి వివరించాడు. హెర్షెల్ అనుమతితోనే టాల్బట్ ఆ సంగతిని ఫ్రాన్సుకు తెలియజేశాడు. డాగేర్ కూడా ఉప్పును విడిచి హైపోను స్వీకరించాడు. ఇద్దరు ప్రత్యర్థులు, రెండు దేశాలు, రెండు పద్ధతులు. ఇద్దరి బొమ్మలనూ నిలిపినది మూడవవాని సీసాలోని ద్రావణం. మార్చి 14న హెర్షెల్ రాయల్ సొసైటీలో ఫొటోగ్రఫీ కళపై ఒక వ్యాసం సమర్పించాడు. కాని టాల్బట్ కీర్తికి అడ్డురాకూడదని దాని పూర్తి ముద్రణను తానే నిలిపివేసుకొన్నాడు. 1841లో టాల్బట్ తన కాలోటైప్ పద్ధతికి పేటెంటు పొందాడు. హెర్షెల్ హైపోకు గాని, తన ఇతర ఆవిష్కరణలకు గాని పేటెంటు తీసుకొనలేదు.

ఫొటోగ్రఫీ అన్న పదాన్ని శాస్త్రలోకంలో వ్యాప్తికి తెచ్చినది అతడే. నెగటివ్, పాజిటివ్ అనే మాటలను ఈ కళకు 1840లో అతడే అన్వయించాడు. 1860లో స్నాప్‌షాట్ అన్న మాటను ఫొటోకు వర్తింపజేసినదీ అతడే. మన స్టూడియోలలో నిరక్షరాస్యుడైన పనివాడు కూడా పలికే ఈ మాటలు ఒక మహాపండితుని నోట పుట్టినవని తలచుకొంటే భాషాభిమానులమైన మాకు ముచ్చట వేస్తుంది.

నలభై అడుగుల దూరదర్శిని సంగతి ఇప్పుడు వస్తుంది. 1839 నాటికి దాని కొయ్యలు పుచ్చిపోయి, ఎప్పుడు కూలుతుందో తెలియని స్థితికి చేరింది. సెప్టెంబరు 9వ తేదీన హెర్షెల్ ఒక గాజు పలకపై సిల్వర్ క్లోరైడ్ పొరను పేర్చి, ఆ దూరదర్శిని బొమ్మను తీసి, హైపోతో నిలిపాడు. గాజుపై తీసిన ఫొటోలలో నేటికి మిగిలిన అతి ప్రాచీనమైనది అదే. అది లండనులోని సైన్స్ మ్యూజియం సేకరణలో చేరింది. ఆ ఏడాది చివర దూరదర్శినిని విప్పి దించినప్పుడు హెర్షెల్ కుటుంబమంతా దాని గొట్టంలో కూర్చుని, అతడే వ్రాసిన వీడ్కోలు గీతాన్ని పాడారు. తండ్రి నిర్మించిన వస్తువు నేలకూలింది. కుమారుడు దాని నీడను నిలిపాడు. ఆ గాజు పలకను తలచుకొన్నప్పుడెల్లా మాకు మా ఇంటి పటం గుర్తుకు వస్తుంది.

1840లో కుటుంబం కెంట్ ప్రాంతంలోని కాలింగ్‌వుడ్ అనే భవనానికి మారింది. అక్కడ 1842లో హెర్షెల్ వెండి అవసరమే లేని మరొక పద్ధతిని కనుగొన్నాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, పొటాషియం ఫెర్రిసయనైడ్ అనే రెండు లవణాల ద్రావణాలను కలిపి కాగితానికి పూసి, ఎండలో ఉంచి, వట్టి నీటితో కడిగితే నీలిరంగు బొమ్మ ఏర్పడుతుంది. దానికే సయనోటైప్ అని పేరు. 1843లో ఆనా ఆట్కిన్స్ అనే విదుషి సముద్రపు నాచుమొక్కల బొమ్మలను ఈ పద్ధతిలోనే పుస్తకంగా వెలువరించడం ప్రారంభించింది. మన ఇంజనీర్లు తరతరాలుగా వాడిన బ్లూప్రింట్ ఈ సయనోటైపే.

ఇంతవరకు కీర్తి చెప్పాము. హైపో తెచ్చిన చిక్కు కూడా చెప్పకపోతే సత్యానికి ద్రోహం చేసినవారమవుతాము. హైపో బొమ్మను కాపాడుతుంది. కాపాడిన తరువాత కాగితం నుంచి వెళ్ళిపోవాలి. వెళ్ళకపోతే అందులోని గంధకం బొమ్మలోని వెండిని మెల్లమెల్లగా తిని పసుపు వన్నెకు మారుస్తుంది. 1850 ప్రాంతానికి ఇంగ్లండులో ఎన్నో చిత్రాలు వెలిసిపోవడం చూసి జనం గగ్గోలు పెట్టారు. లండనులోని ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం తేల్చిన ప్రధాన కారణం, చాలీచాలని కడుగుడు వల్ల కాగితంలో మిగిలిపోయిన హైపో. అంటే మా దాదాగారి ముఖాన్ని మింగిన మరక గురించి లోకానికి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తెలుసు. తెలిసినది మా ఊరి దాకా చేరలేదు. లేక చేరినా, ఆ ఎండాకాలపు తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ మరకను గుర్తించిన స్టూడియో చాచా చీకటి గదిని మేము విద్యార్థి దశలో చాలాసార్లు చూశాము. ఎర్ర దీపం క్రింద అరలపై వరుసగా సీసాలు. ఒక్కొక్క సీసాపై పదార్థం పేరు, కలిపిన తేదీ ఉర్దూలో వ్రాసి అంటించి ఉండేవి. పేరు లేని సీసా పరాయి మనిషితో సమానమని, ఇంట్లో ఉండనీయరాదని వారి సిద్ధాంతం. డెవలపరు ద్రావణానికి గాలి శత్రువు గనుక దానిని ముదురు గోధుమరంగు సీసాలలో మెడ దాకా నింపేవారు. వాడుతూ ఉంటే సీసాలో ఖాళీ పెరుగుతుంది గదా అని పెద్ద సీసా బదులు చిన్న సీసాలలో పంచి పెట్టేవారు. నీటివన్నె పోయి కాఫీ రంగుకు తిరిగిన డెవలపరును జాలి లేకుండా పారబోసేవారు.

ఎంపికలోనూ వారిది నిదానమే. ఫిల్ములకు కోడక్ వారి డి-76 సూత్రాన్ని నమ్మేవారు: లీటరుకు మెటోల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. మెటోల్ గాఢమైన సల్ఫైట్‌లో కరగదు గనుక ముందు చిటికెడు సల్ఫైట్, తరువాత మెటోల్, ఆ పైన మిగిలిన సల్ఫైట్, ఆ తరువాతే తక్కినవి. క్రమం తప్పితే ద్రావణం తప్పినట్లే. హైపో పలుకులు కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది. అందుచేత వేడినీటితో మొదలుపెట్టి, లీటరుకు 200 నుంచి 250 గ్రాముల దాకా కరిగించేవారు. దానికి ఆమ్లం చేర్చవలసి వస్తే ముందు సల్ఫైట్ కలపవలసిందే. లేకపోతే గంధకం విడివడి ద్రావణం పాలవలె తెల్లబడుతుంది. హైపో చుక్క డెవలపరులో పడితే పని చెడుతుందని రెంటికీ వేర్వేరు తొట్లు, వేర్వేరు గరిటెలు ఉంచేవారు. ఫిల్ముపై పాలపొర విడిపోవడానికి ఎంతసేపు పట్టితే, మళ్ళీ అంతసేపు హైపోలో ఉంచాలని వారి లెక్క. వాడిన హైపో ఇంకా పనికివస్తుందా అన్న అనుమానం కలిగితే కొంచెం గాజు గొట్టంలో తీసుకొని పొటాషియం అయొడైడ్ చుక్కలు వేసేవారు. పసుపు తెర లేచి కరగకుండా నిలిచిపోతే ఆ హైపో వెండితో నిండిపోయిందన్నమాట. ఆ రోజుతో దానికి సెలవు. చాచా హెర్షెల్ పేరు విన్నారో లేదో మేము అడుగలేదు. ఆయన చేసిన ప్రతి పనిలోనూ హెర్షెల్ పరిశీలన మాత్రం బ్రతికి ఉన్నది.

రసాయనాలను ఎంచుకోవడంలో ప్రాణరక్షణ కూడా ఒక ప్రశ్న. గాజు పలకల కాలంలో హైపోకు బదులు పొటాషియం సయనైడ్ వాడేవారు చాలామంది. అది త్వరగా పనిచేస్తుంది, తేలికగా కడిగిపోతుంది. కాని ఘోర విషం. కలకత్తాలో జన్మించి, ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫొటోగ్రాఫరు జూలియా మార్గరెట్ కామెరాన్ హెర్షెల్‌కు 1836లో కేప్ టౌన్‌లో పరిచయమైనది. ఈ కళ పుట్టిన వార్తను ఆమెకు చేరవేసిన గురుస్థానీయుడు అతడు. ఆమె 1863 చివర కెమెరా చేపట్టి, సయనైడ్‌ను చేతులపై ధారాళంగా పోసుకొంటున్నదని తెలిసి, హెర్షెల్ ఆందోళనతో జాగ్రత్త వహించమని బ్రతిమాలుతూ లేఖ వ్రాశాడు. 1867లో ఆమె తీసిన చిత్రంలో నెరిసిన జుట్టు చెదరి, లోతైన కళ్ళతో చీకటి నుంచి మనవైపు చూసే వృద్ధుడు ఈ హెర్షెలే. అతని ముఖం లోకానికి అలా నిలిచింది.

అతని సంతానంవల్ల మన దేశంతోనూ సంబంధం ఏర్పడింది. కుమారుడు విలియం జేమ్స్ హెర్షెల్ బెంగాలులో ఉద్యోగం చేస్తూ, 1858లో ఒక ఒప్పంద పత్రంపై గుత్తేదారు హస్తముద్ర వేయించి, క్రమంగా వేలిముద్రల విద్యకు ఆద్యులలో ఒకడైనాడు. మరొక కుమారుడు జాన్, సైన్యంలో ఇంజనీరు, 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని నేటి కర్ణాటకలోని జమఖండిలో వర్ణపటదర్శినితో పరిశీలించాడు. అదే గ్రహణాన్ని మన గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పరిశీలించాడు. హీలియం మూలకం కథ ఆ గ్రహణ పరిశీలనలతోనే ముడిపడి ఉన్నది. ఆనాడు గుంటూరులోనే మేజర్ టెనెంట్ బృందం గ్రహణాన్ని గాజు పలకలపై ఫొటోలు తీసింది. సూర్యుడు మరుగైన ఆ కొద్ది నిమిషాలు తెలుగునేలపై బొమ్మలై నిలిచినవి.

హెర్షెల్ చివరి దశ అంత సుఖమైనది కాదు. కేప్ పరిశీలనలను ఒంటిచేత్తో లెక్కకట్టి 1847లో గ్రంథంగా ప్రకటించాడు. 1850లో ప్రభుత్వ టంకశాలకు అధిపతిగా నియుక్తుడైనాడు. ఆ పదవి అతని ఆరోగ్యాన్ని క్రుంగదీయగా 1855లో విరమించుకొన్నాడు. 1871 మే 11న కాలింగ్‌వుడ్‌లో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటన్ సమాధి సమీపంలో అతనిని ఖననం చేశారు.

విద్యార్థి సోదరసోదరీమణులారా! ఈనాడు జేబులోని ఫోను క్షణంలో వంద బొమ్మలు తీస్తున్నది. చీకటి గదులు చాలావరకు మూతపడినవి. అభిమానంతో ఫిల్ము వాడేవారు, కళాశాలలలో నేర్చుకొనేవారు మాత్రం ఆ దీపాన్ని ఆరనీయలేదు. అయితే హెర్షెల్ ఎదుర్కొన్న ప్రశ్న మనముందు ఇంకా ఉన్నది. సంపాదించిన దానిని నిలుపుకొనడం ఎట్లా? చదువులో కూడా పుట్టించే ఘట్టం ఒకటి, నిలబెట్టే ఘట్టం ఒకటి. పరీక్షకు ముందు రాత్రి నల్లగా అచ్చుపడిన పాఠం, హైపో తగలని కాగితంవలె, మరునాటి వెలుతురుకే మాసిపోతుంది. ఇరవై ఏడేళ్ళ వయసులో, ఏ ఉపయోగమూ కనబడని ఒక లవణాన్ని శ్రద్ధగా పరీక్షించి, పేరు వ్రాసి, తేదీ వేసి దాచిన మనిషి, అవసరం వచ్చిననాడు దానిని ఎవరు అడిగితే వారికి పంచిపెట్టాడు. సీసా బిరడా బిగించవలసింది గాలి చెరుపుతుందన్న ద్రావణానికే. విద్య విషయంలో ఆ భయం అక్కరలేదు.

మా ఇంటి పటాన్ని ఇటీవల మళ్ళీ క్రిందికి దించి చూశాము. మరక ఇంకా కొంచెం ముందుకు జరిగింది. దానిని వెనుకకు మరలించగల ద్రావణం మాకు తెలిసినవారి దగ్గర ఎక్కడా లేదు. మిగిలిన సగం ముఖాన్నైనా మా పిల్లలు చూడవలెనన్న ఆశతో దానికి కొత్తగా ప్రతి తీయించాము. ప్రతి తయారుచేసిన యువకుని ఎన్నిసార్లు కడిగావని అడిగాము. అతడు నవ్వి, ఇది కంప్యూటరు మీద అచ్చువేసినది, కడగవలసిన పని లేదండీ అన్నాడు. అయినా మాకు అడగకుండా ఉండబుద్ధి కాలేదు.